ఎక్కిళ్ళ డబ్బా

అత్తగారి డాన్సు క్లాసులో పాత సీడీ ప్లేయరు చచ్చిపోయిన రోజున లోలోపల అందరికంటే ఎక్కువ సంబరపడింది కోడలే. పైకి మాత్రం "అయ్యో పాపం" అంది.

సంబరానికి కారణం ఉంది. ఆమె పనిచేసే చిన్న కంపెనీలో హాళ్ళకీ, వ్యాయామశాలలకీ వైర్లు అక్కర్లేని స్పీకర్లు తయారుచేస్తారు. పైకి చూస్తే చెప్పుల అట్టపెట్టెంత డబ్బా. లోపల ఉన్నది మాత్రం లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే బుల్లి కంప్యూటరు. అందులోని సాఫ్ట్‌వేర్‌లో సగం ఆమె చేతిమీదుగా వెళ్ళినదే. ఇంట్లో అందరూ ఆమెను "ఇంజనీరమ్మ" అనేవారు. మొదట్లో వేళాకోళానికి అనేవారు, తర్వాత అదే పేరైపోయింది. అయితే ఆమె ఆఫీసులో ఏం చేస్తుందో అత్తగారికి అంతు చిక్కేది కాదు. "ఏవో డబ్బాలకి చదువు చెబుతుంది" అని చుట్టాలకి చెప్పేవారు. ఇన్నాళ్ళకి ఆ చదువుకున్న డబ్బా ఒకటి ఆవిడ చేతికిచ్చే అవకాశం దొరికింది.

అత్తగారు ఒకప్పుడు స్కూల్లో పీటీ టీచరు. రిటైరయ్యాక స్కూలు వదిలారు గానీ మెడలో విజిల్ వదల్లేదు. లైబ్రరీ భవనం పై అంతస్తులో ఊరికే పడి ఉన్న హాలు అడిగి పుచ్చుకున్నారు. ఉద్యోగాలు ముగించుకుని, మోకాళ్ళ నొప్పుల గురించి ఒకరికొకరు చెప్పుకుంటూ కూర్చున్నవాళ్ళని పోగుచేసి డాన్సు నేర్పించడం మొదలుపెట్టారు. "నొప్పి ఎలాగూ పోదు, దాన్ని తాళంలో పెడదాం రండి" అని పిలిస్తే, ఎందుకనో అందరూ వచ్చారు.

ఇంజనీరమ్మ డబ్బాని హాలు మూల బల్ల మీద పెట్టి, అత్తగారి ఫోన్లో పాటలు ఎక్కించి, కాలరుకి చిన్న మైకు తగిలించింది.

"పాట నొక్కితే చాలు అత్తయ్యా. మీరు వేసే అడుగుల లెక్క కూడా పాటతోపాటే అందులోంచి వినిపిస్తుంది. గొంతు చించుకోనక్కర్లేదు."

"గొంతు చించుకోకపోతే వీళ్ళు వింటారంటావా?" అన్నారు అత్తగారు అనుమానంగా. కానీ మైకులో తన గొంతు హాలంతా మోగేసరికి మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇంటికి రాగానే కోడలు అడిగేది. "ఎలా ఉంది అత్తయ్యా, స్పీకరు?"

"బాగుందమ్మా. భేషుగ్గా ఉంది" అనేవారు అత్తగారు. అని, వెంటనే ఫ్రిజ్ తలుపు తెరిచి అందులో ఏదో వెతుక్కునేవారు. ఏమీ తీసేవారు కాదు.

ఆ ఫ్రిజ్ సంగతి కోడలికి తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

అసలు విషయం బస్టాపులో బయటపడింది. క్లాసులో అందరూ డ్రైవరు బాబాయి అని పిలిచే పెద్దమనిషి ఎదురయ్యాడు. జీవితమంతా సిటీ బస్సు నడిపినవాడు, ఇప్పుడు బస్సు కోసం నిలబడటం తనకి చేతకావడం లేదని నలుగురికీ చెబుతూ ఉంటాడు. ఆమెని చూడగానే చేతులు చాపాడు.

"ఎక్కిళ్ళ డబ్బా చేసింది నువ్వేనటగా అమ్మాయ్!"

"ఏ డబ్బా?"

"అదే, మన పాటల డబ్బా. పాట మాంచి ఊపులో ఉంటుందా, హిక్కుమని ఆగుతుంది. రెప్ప వేసి తెరిచేలోపు మళ్ళీ అందుకుంటుంది. ఈలోపు మేమందరం కాలు గాల్లో పెట్టి ఉంటాం. మొన్న నా కాలు టైలరమ్మ పాదం మీద దిగింది. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. డబ్బాకి కాసిని నీళ్ళు తాగిద్దామన్నాను. కరెంటు వస్తువు, ముట్టుకోకు అన్నారు మీ అత్తగారు."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. ఇంజనీరమ్మకి మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. కోడలు బ్యాగు కూడా దించకుండా గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, స్పీకరు ఆగి ఆగి పాడుతోందట కదా?"

అత్తగారు ఫ్రిజ్ వైపు అడుగేశారు.

"ఫ్రిజ్ తర్వాత తెరుద్దురుగాని. నాకెందుకు చెప్పలేదు?"

అత్తగారు కత్తి కింద పెట్టారు. "ఎలా చెప్పనమ్మా? నువ్వు నీ చేత్తో చేసి తెచ్చావు. అంత ముచ్చటగా బల్ల మీద పెట్టావు. బాలేదని అంటే అత్తగారు సాధిస్తోంది అనుకోవూ?"

"చెప్పకపోతే అది బాగుపడేదెలా? ఊరంతా ఎక్కిళ్ళ డబ్బా అంటున్నారు. నేనేమో రోజూ భేషుగ్గా ఉందనుకుని ఆఫీసులో గొప్పలు చెప్పుకుంటున్నాను."

అత్తగారు ఉల్లిపాయల వల్లో మరి దేనివల్లో కళ్ళు తుడుచుకున్నారు. "అయితే ఇకనుంచి ఉన్నదున్నట్టు చెప్పేయనా?"

"చెప్పేయండి."

"నువ్వు పెట్టే టీ వేడినీళ్ళకి ఎక్కువ, టీకి తక్కువ. మీ పెళ్ళైనప్పట్నుంచి తాగుతున్నాను."

ఇంజనీరమ్మ బ్యాగు దించి గోడకి ఆనించింది. "మరి మీరు పొద్దున్నే సింకు దగ్గర పాడతారు చూడండి, అది..."

"బాగుండదా?"

"పాట బాగుంటుంది అత్తయ్యా. గిన్నెల తాళమే తలనొప్పి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అత్తగారే. అలా మొదలైన నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి, ముందు గదిలోంచి అత్తగారి కొడుకు వచ్చి ఇద్దరినీ చూసి, తనకేం సంబంధం లేదని తేల్చుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడే ఇంజనీరమ్మ డబ్బాని ఆఫీసుకి తీసుకెళ్ళి పరీక్ష గదిలో పెట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాడించింది. ఒక్క ఎక్కిలి లేదు. బాస్ తలుపులోంచి తొంగిచూశాడు. ఆయన పొడుగూ వెడల్పూ ఉన్న మనిషి. గుమ్మంలో నిలబడితే వరండాలో వెలుతురు కనబడదు.

"మన దగ్గర శుభ్రంగా పాడుతోంది కదా. తేడా ఆ హాల్లోనే ఉంటుంది" అన్నాడు.

"హాల్లో తేడా ఉంటే హాలుకి అమ్మకూడదా సార్? మనం అమ్మేదే హాళ్ళకి."

ఆయన "సరే, చూడు" అని వెళ్ళాడు.

సెలవురోజు పొద్దున ఆమె హాలుకి వెళ్ళింది. లైబ్రరీ కేర్‌టేకర్ తాళం తీసి పెట్టి, కిటికీలు తెరిచి వెళ్ళిపోయాడు. ఖాళీ హాలు. నేల మీద కిటికీల ఎండ. డబ్బా పెట్టి పాటలన్నీ వరసగా వాయించింది. గోడకి ఆనుకుని వింది. నడుస్తూ వింది. ఒక్కచోటా తెగలేదు. డబ్బా తననే ఆటపట్టిస్తోందనిపించింది.

సాయంత్రం క్లాసు మొదలైంది. రెండు వరసల్లో అందరూ నిలబడ్డారు. అత్తగారు "మొదలు!" అన్నారు. కాళ్ళు కదిలాయో లేదో, హిక్! ఇంకాసేపటికి మళ్ళీ హిక్!

"చూశావా?" అన్నాడు డ్రైవరు బాబాయి గర్వంగా, తానే తెప్పించినట్టు. "మమ్మల్ని చూస్తేనే దానికి ఎక్కిళ్ళు."

ఆ మాటకి అందరూ నవ్వారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. పొద్దున హాలు ఇదే. డబ్బా ఇదే. పాటలూ ఇవే. అప్పుడు లేనిదీ ఇప్పుడు ఉన్నదీ ఒక్కటే, ఈ మనుషులు. ఆమె గబగబా ల్యాప్‌టాప్ తెరిచి నేల మీద చతికిలబడింది.

అత్తగారి ఫోను పంపే పాటని డబ్బా అందుకునేది కింది అంతస్తులో, లైబ్రరీ ఆఫీసు గదిలో ఉన్న వై-ఫై రూటరు నుంచి. ఆ రూటరు డబ్బాకి ఎంత బలంగా వినిపిస్తోందో తెర మీద ఒక గీత చెబుతోంది.

"అందరూ ఒకసారి కూర్చోండి."

మోకాళ్ళ మూలుగుల మధ్య అందరూ కూర్చున్నారు. గీత పైకి లేచింది.

"లేవండి."

లేచారు. గీత కిందికి జారింది.

"మళ్ళీ కూర్చోండి."

"అమ్మాయ్, మీ అత్తగారి డ్రిల్లు తప్పించుకోవడానికి డాన్సుకొస్తే నువ్వు తగులుకున్నావేమిటి?" అంది టైలరమ్మ. కానీ కూర్చుంది. గీత పైకి లేచింది.

ఇంజనీరమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసింది. "మీరే! మీవల్లే!"

"మేమేం చేశాం?"

"మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కదా. వై-ఫై సిగ్నల్‌కి నీళ్ళంటే పడదు. మీరందరూ అడ్డంగా నిలబడగానే డబ్బాకి చేరాల్సిన సిగ్నల్‌ని సగం మీరే తాగేస్తున్నారు."

"నీళ్ళ సంగతి నేను మొదట్లోనే చెప్పాను!" అన్నాడు డ్రైవరు బాబాయి. "ఎవరైనా విన్నారా?"

అత్తగారు దగ్గరికి వచ్చి తెర వైపు వంగారు. "సిగ్నల్ తగ్గితే పాట చిన్నగా రావాలి గాని, ఎక్కిలి ఎందుకు?"

మంచి ప్రశ్న. ఇంజనీరమ్మ తెర మీద ఇంకో కిటికీ తెరిచింది. పాట తెగిన ప్రతిసారీ అక్కడ ఒకే మాట పడి ఉంది: స్కాన్.

"సిగ్నల్ కాస్త తగ్గిందంటే డబ్బాకి దిగులు మొదలవుతుంది అత్తయ్యా. దగ్గర్లో ఇంతకంటే మంచి రూటరు ఉందేమోనని చుట్టూ వెతుకుతుంది. దానికి ఉన్నది ఒక్కటే చెవి. వెతకాలంటే మన రూటరు మాట వినడం ఆపి, ఆ చెవి పక్కవాళ్ళ వైపు పెట్టాలి. అటు పెట్టినంతసేపూ ఇటు పాట వినబడదు. మీ గొంతు ఆలస్యం కాకూడదని పాటని ముందుగా దాచిపెట్టుకోకుండా వచ్చింది వచ్చినట్టు వినిపించమని నేనే పెట్టాను. అందుకే ఆ కాస్త ఖాళీ కూడా బయటికి తెలిసిపోతోంది."

టైలరమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "అంటే పెళ్ళై కాపురం చేసుకుంటూ కూడా సంబంధాలు చూస్తూనే ఉందన్నమాట!"

హాలు గొల్లుమంది.

"మరి దొరికిందా ఏదైనా?"

"ఎక్కడ దొరుకుతుంది పిన్నీ? పాస్‌వర్డ్ తెలిసింది ఈ ఒక్కదానిదే. అందర్నీ చూసి, మళ్ళీ ఇక్కడికే వస్తుంది."

"మా ఆయనా ఇంతే. బజార్లో షాపులన్నీ తిరిగి తిరిగి మొదటి షాపులో చొక్కానే కొంటాడు. ఇంట్లో టైలర్ని పెట్టుకుని."

ఈసారి డ్రైవరు బాబాయి అందరికంటే గట్టిగా నవ్వాడు. టైలరమ్మ కూడా అతనివైపు చూసి నవ్వేసింది. పాదం తగాదా అక్కడితో తీరిపోయింది.

"ఇంత రాద్ధాంతం ఎందుకు, ఆ రూటరేదో పైకి తెచ్చి పెట్టేస్తే పోలా?" అన్నారు అత్తగారు ఇంటికి నడుస్తూ.

"ఇక్కడికైతే సరిపోతుంది. ఇలాంటి డబ్బాలు ఇంకా ఎన్నో చోట్లకి వెళ్ళాయి. అక్కడా ఎవరో టీచరు మొహమాటానికి భేషుగ్గా ఉందని అంటూ ఉంటారు కదా!"

అత్తగారు కోడలి ల్యాప్‌టాప్ బ్యాగు తన భుజానికి వేసుకున్నారు.

జబ్బు తెలిసినా మందు ఒక్క దెబ్బతో దొరకలేదు. డబ్బాలో నెట్‌వర్కు సంగతి చూసే సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి. ఒకటి కింద కూర్చుని, సిగ్నల్ అందుకునే రేడియోతో నేరుగా మాట్లాడుతుంది. రెండోది దాని నెత్తిన కూర్చుని పెత్తనం చేస్తుంది. ఇంజనీరమ్మ కిందిదానికి గట్టిగా చెప్పింది: సిగ్నల్ తగ్గినా వెతకొద్దు. క్లాసులో పెట్టి చూస్తే ఎక్కిళ్ళు తగ్గాయి గాని పోలేదు. తల బద్దలు కొట్టుకుని చూడగా తేలిందేమిటంటే, పైనున్న పెత్తందారు తన దగ్గరుండే రూటర్ల జాబితా పాతబడిపోతుందేమోనని మధ్యమధ్యలో "ఓసారి చుట్టూ చూసి రా" అని కిందిదానికి విడిగా ఆజ్ఞలు వేస్తున్నాడు. ఆ జాబితా అడిగినవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు.

"ఇద్దరు సూపర్‌వైజర్లున్న చోట పని ఇలాగే ఏడుస్తుంది" అన్నాడు ఆమె పక్క సీటు సహోద్యోగి, బాస్ వినకుండా.

ఇంజనీరమ్మకి ఒళ్ళు మండింది. ఇద్దరి చేతులూ కట్టేసింది. డబ్బా మొదట ఆన్ అయినప్పుడు ఒక్కసారి చుట్టూ చూసుకుని రూటర్ని పట్టుకోవాలి. ఆ తర్వాత ఏం జరిగినా సరే, తల తిప్పడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం క్లాసు చూడముచ్చటగా సాగింది. పాట ధారగా పారింది. అత్తగారి లెక్క ఎక్కడా తెగలేదు. చిత్రమేమిటంటే మొదట్లో అందరూ తడబడ్డారు. ఇన్నాళ్ళూ ఎక్కిలి వచ్చేచోట ఒక చిన్న గెంతు వేయడం వాళ్ళకి తెలియకుండానే అలవాటైపోయింది. ఇప్పుడు గెంతబోతే పాట ఆగడం లేదు. డ్రైవరు బాబాయి గెంతేసి, చుట్టూ చూసి, "స్పీడు బ్రేకరు తీసేశారర్రా!" అని అరిచాడు.

ఇంజనీరమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తొందరపడి నిద్రపోయింది.

లైబ్రరీలో జరిగే క్లాసులన్నీ ఊరివాళ్ళకి తమ పని చూపించే రోజు ఒకటుంది. చిత్రలేఖనం వాళ్ళు వరండాలో బొమ్మలు పెట్టారు. కుట్టు క్లాసు వాళ్ళు దుప్పట్లు వేలాడదీశారు. పై హాల్లో డాన్సు. కుర్చీలు నిండాయి. మనవళ్ళూ మనవరాళ్ళూ ముందు వరసలో నేల మీద కూర్చుని, తాతలూ నానమ్మలూ ఏం చేయబోతున్నారోనని ఇప్పట్నుంచే కిలకిలలాడుతున్నారు. ఇంజనీరమ్మ ఆఫీసు పని ముగించుకుని చివర్లో వస్తానంది. డబ్బా మీద ఆమెకి అంత నమ్మకం.

అత్తగారు కొత్త బూట్లు వేసుకుని, మైకు సర్దుకుని, ఫోన్లో పాట నొక్కారు.

ఏమీ వినిపించలేదు.

మళ్ళీ నొక్కారు. డబ్బా ముందున్న చిన్న దీపం ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. అంతే. వరసలో నిలబడ్డవాళ్ళ చేతులు పైకెత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

అత్తగారు ఫోన్ చేశారు. ఆఫీసులో మీటింగు మధ్యలో ఉన్న ఇంజనీరమ్మ బల్ల కింద నుంచి ఎత్తింది.

"అమ్మాయ్, ఎక్కిళ్ళు తగ్గాయి. ఊపిరి కూడా ఆగిపోయింది."

"ఏమిటీ?"

"పలకడం లేదు. ఎర్ర దీపం కొట్టుకుంటోంది. హాలు నిండా జనం."

ఇంజనీరమ్మ మీటింగులో ఉన్నానన్న సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. "పొద్దున్నుంచి ఎవరైనా రూటరు ఆపారా? అడగండి!"

అత్తగారు కేర్‌టేకర్ని పిలిచి అడిగారు. అతను బిక్కమొహం వేశాడు. ఇంతమంది వస్తున్నారని పొద్దున నేలంతా మెరుగు పెట్టాడట. మెరుగు పెట్టే యంత్రానికి ఆఫీసు గదిలో ప్లగ్గు కావలసివచ్చి, అక్కడున్నదేదో పీకి, పనయ్యాక మళ్ళీ పెట్టేశాడు. జాగ్రత్తగానే పెట్టాడు.

ఇంజనీరమ్మకి అర్థమైపోయింది. రూటరు ఆగింది, మళ్ళీ వచ్చింది. అత్తగారి ఫోను వెతుక్కుని దాన్ని పట్టుకుంది. డబ్బాకి మాత్రం వెతకడానికి వీల్లేదని తనే శాసనం చేసింది. పాపం, రూటరు ఎదురుగా వచ్చి నిలబడినా అది తలెత్తి చూడటం లేదు.

"అత్తయ్యా, డబ్బా వెనక నల్ల వైరు పీకి మళ్ళీ పెట్టండి. అది పూర్తిగా లేవడానికి కాస్త టైం పడుతుంది. ఈలోపు ఎలాగోలా..."

"ఈలోపు సంగతి నేను చూసుకుంటాలే" అని ఫోన్ పెట్టేశారు అత్తగారు.

వైరు పీకి పెట్టి, వరసల ముందుకి వచ్చి నిలబడ్డారు. మెడలోని విజిల్ తీసి నోట్లో పెట్టుకున్నారు. పీ, పీ, పీపీపీ. పీటీ మాస్టార్ల పాత తాళం. టైలరమ్మ చప్పట్లు అందుకుంది. డ్రైవరు బాబాయి కాసేపు చూసి, ఇక లాభం లేదని నోటితో బస్సు హారన్ మొదలుపెట్టాడు. మలుపు దగ్గర కొట్టే హారన్ ఒక రకం, ఆవు అడ్డొస్తే కొట్టేది ఇంకో రకం, ఖాళీ రోడ్డు మీద సరదాకి కొట్టేది వేరే రకం. అన్నీ ఆయన గొంతులో ఉన్నాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. రెండు వరసలూ విజిల్‌కీ హారన్‌కీ అడుగులు కలుపుతూ కదిలాయి. పాట తెగినా కాళ్ళు ఆగకూడదన్నది వాళ్ళకి బాగా వంటబట్టిన విద్యే కదా.

డబ్బా లేచి, చుట్టూ ఒకసారి చూసుకుని, రూటర్ని పట్టుకుని, ఉన్నట్టుండి పూర్తి గొంతుతో పాట ఎత్తుకుంది. అంతా ముందే అనుకున్నట్టుగా అందరూ దాని తాళంలోకి జారిపోయారు. ఇదంతా కార్యక్రమంలో భాగమేననుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంజనీరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. కేర్‌టేకర్ ఎదురొచ్చి, "నావల్లే జరిగిందట కదమ్మా" అన్నాడు.

"మీదేం తప్పు లేదు. ప్లగ్గు పీకడం లోకంలో అందరూ చేసే పనే. పీకితే తట్టుకునేలా నేను చేసి ఉండాల్సింది."

రాత్రి భోజనాల దగ్గర ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంది. అత్తగారు చూసి చూసి, "ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కదా, చెప్పనా?" అన్నారు.

"చెప్పండి."

"కోపంలో పని చేశావు నువ్వు. వెతకడమే దాని నేరమన్నట్టు చేతులూ కాళ్ళూ కట్టి కూర్చోబెట్టావు. పాట మధ్యలో వెతకడం కదమ్మా మనకి ఇబ్బంది? పాటకీ పాటకీ మధ్య నేను నీళ్ళు తాగుతాను, వీళ్ళు చెమట తుడుచుకుంటారు. అప్పుడు అదేం చేసుకుంటే మనకెందుకు?"

కోడలు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది. తర్వాత గబగబా తినడం మొదలుపెట్టింది. ఆకలి తిరిగి వచ్చిందని అత్తగారు సంతోషించారు.

మరుసటి వారమంతా ఇంజనీరమ్మ నింపాదిగా కూర్చుని మళ్ళీ రాసింది. పాట నడుస్తున్నంతసేపూ స్కాన్ ఊసెత్తకూడదు. సిగ్నల్ సన్నబడినా సరే, తెగనంతవరకు ఓర్చుకోవాలి. పాట ఆగి, ఎవరూ మైకులో మాట్లాడనప్పుడు మాత్రం ఓసారి చుట్టూ చూసుకోవచ్చు. అదీ అన్ని వై-ఫై ఛానెళ్ళూ తిరగకుండా, తన రూటరు ఉండే ఛానెల్లో ముందు చూడాలి. బంధం పూర్తిగా తెగిపోతే మాత్రం ఏ నియమమూ లేదు. దొరికేదాకా వెతకాలి, మొదట వెంటవెంటనే, ఆ తర్వాత కాస్త తెరిపి ఇచ్చి. పైన కూర్చున్న పెత్తందారు ఇక సొంతంగా ఆజ్ఞలు వేయకూడదు. ఎప్పుడు చూడాలో పాట వాయించే ప్రోగ్రామే చెబుతుంది, ఎందుకంటే పాట ఎప్పుడు ఆగుతుందో తెలిసింది దానికే.

హాల్లో పరీక్ష పెట్టింది. పాట మధ్యలో కేర్‌టేకర్ చేతే రూటరు ప్లగ్గు పీకించింది. అతను భయంభయంగా పీకి, మళ్ళీ పెట్టాడు. డబ్బా మూగబోయింది, వెతుక్కుంది, పాట అందుకుంది. అతను మెట్ల మీద నుంచే, "ఇంకోసారి పీకనా అమ్మా?" అని అరిచాడు ఉత్సాహంగా. అతనికి సరదా పుట్టింది. వద్దనే దాకా పీకుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది బాస్. మార్పులన్నీ చూశాడు, తలూపాడు. అమ్మిన డబ్బాలన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపించడానికి ఒప్పుకున్నాడు. కానీ మనుషులు అడ్డం నిలబడితే ఎక్కిళ్ళు వచ్చేంతగా సిగ్నల్ పడిపోతుందని మాత్రం ఆయన నమ్మలేకపోయాడు. "నా కళ్ళతో చూడాలి" అన్నాడు.

"రండి సార్. క్లాసు సాయంత్రం."

ఆయన వచ్చాడు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న డబ్బా ఒకటి, కొత్తది ఒకటి, రెండూ చంకలో పెట్టుకుని వచ్చాడు. గోడవార కుర్చీ లాక్కుని కూర్చోబోతుండగా అత్తగారి విజిల్ మోగింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఈ హాల్లో కూర్చుని చూసేవాళ్ళకి చోటు లేదండీ. వరసలో నిలబడండి."

"నేను పరీక్ష చూడటానికి వచ్చానండీ."

"పరీక్షకి మనుషులు అడ్డం ఉండాలన్నారు కదా? మీరు ఎంతమందికి సమానమో చూసుకున్నారా?"

బాస్ ఇంజనీరమ్మ వైపు చూశాడు. ఆమె ల్యాప్‌టాప్‌లో తల దూర్చేసింది. డ్రైవరు బాబాయి వచ్చి ఆయన కోటు మర్యాదగా విప్పి కుర్చీకి తగిలించాడు. టైలరమ్మ ఆ కోటు చేతి కుట్టు తిప్పి చూసి, "ఎవరు కుట్టారో గాని బాగా మోసం చేశారు" అంది.

పాత డబ్బాతో మొదలుపెట్టారు. బాస్ వరస మధ్యలో గోడలా నిలబడ్డాడు. ఇంజనీరమ్మ తెర మీద గీత ధబేలున పడిపోయింది. డబ్బా ఎక్కిళ్ళు పెట్టడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. అంతటి ఎక్కిళ్ళు ఆ హాల్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

"నమ్మారా సార్?"

"నమ్మాను, నమ్మాను. కొత్తది పెట్టు."

కొత్త డబ్బా పాట అందుకుంది. బాస్ వరసలోంచి జారుకోవడానికి ఒక అడుగు వేశాడు. సరిగ్గా అది పాటలో వేయాల్సిన అడుగే కావడంతో అత్తగారు మెచ్చుకుని, "శభాష్! అదే, అదే! ఇప్పుడు ఎడమ కాలు!" అన్నారు. ఆయన ఇరుక్కుపోయాడు. ఎడమ ఏదో తేల్చుకోవడానికి గడియారం ఉన్న చేతిని చూసుకుని, ఆ వైపు కాలు కదిపాడు. మొహంలో ముందు కంగారు, తర్వాత పట్టుదల, ఆ తర్వాత ఇంజనీరమ్మ ఆఫీసులో ఏనాడూ చూడని చిన్నపిల్లవాడి నవ్వు.

"నువ్వేమిటి అక్కడ కూర్చున్నావు?" అన్నారు అత్తగారు మైకులో, హాలంతా వినబడేలా. "లే, అమ్మాయ్!"

"సిగ్నల్ చూడాలి అత్తయ్యా."

"పాట వినబడుతోంది కదా, ఇంకా చూసేదేమిటి?"

ఇంజనీరమ్మ చెప్పులు విప్పి, అత్తగారి పక్కన నిలబడింది. మొదటి మలుపులోనే తప్పు వైపు తిరిగి బాస్‌కి ఎదురుపడింది. ఆయన చాలా గంభీరంగా, "ఇటు కాదు, అటు" అని చెప్పాడు, అదేదో తనకి చిన్నప్పట్నుంచి వచ్చినట్టు. ఆమె నవ్వు ఆపుకోలేక ఇంకో అడుగు తప్పింది. అత్తగారు చెయ్యి పట్టుకుని తిప్పారు.

పాట అయిపోయింది. అందరూ చెమటలు తుడుచుకుంటూ, ఊపిరి పీల్చుకుంటూ ఇంకొకటి పెట్టమన్నారు. అందరికంటే ముందు అడిగింది బాసే. బల్ల పక్కన ల్యాప్‌టాప్ తెర ఎప్పుడు ఆరిపోయిందో ఎవరూ చూసుకోలేదు.